చన్నపట్నంలో లేత్ మిషన్ల మధ్య ఒక రోజు

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే మా పిన్ని కొడుకు ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెట్టడానికి బెంగళూరు వచ్చాడు. స్టాల్ సర్దేశాక, "అక్కా, చన్నపట్నం ఇక్కడికి దగ్గరేనట కదా. అక్కడా మనలాగే లక్క బొమ్మలు చేస్తారు. వాళ్ల పని ఒకసారి చూడాలి" అన్నాడు. మారతహళ్లిలో కాపురం పెట్టి ఇన్నేళ్లయినా నేనూ ఆ ఊళ్లో ఎప్పుడూ దిగలేదు. సోమవారం పొద్దున్నే మెజెస్టిక్‌లో మైసూరు రైలెక్కాం.

బిడదిలో కంపెనీ యూనిఫాంలు వేసుకున్న కుర్రాళ్లు గుంపుగా దిగారు. తమ్ముడు వాళ్లనే చూస్తూ, "మా ఊళ్లోనూ ఇంతే. ఇంటర్ అవగానే అచ్యుతాపురం ఫ్యాక్టరీలకి పోతారు. నెల తిరిగేసరికి జీతం పడిపోద్ది కదక్కా" అన్నాడు. తన దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు కుర్రాళ్లు కూడా అలాగే వెళ్లిపోయారట. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

చన్నపట్నం బెంగళూరుకి దాదాపు 60 కిలోమీటర్లు. స్టేషన్ నుంచి ఆటోలో పనివాళ్లుండే వీధికి వెళ్లాం. టిప్పు సుల్తాన్ పర్షియా నుంచి పనివాళ్లను రప్పించి ఇక్కడ ఈ పని మొదలుపెట్టించాడని చెబుతారు. ఆ కథ చెప్పే పెద్దాయన షెడ్డులోనే మేం ఎక్కువసేపు గడిపాం. ఆయన ఉర్దూ, కన్నడ మాట్లాడతాడు. నాకొచ్చిన కన్నడతో మొదట్లో నేనే మధ్యవర్తిని. కాసేపటికి నా అవసరం లేకుండా పోయింది.

తమ్ముడు మూలనున్న కర్రముక్క తీసుకుని గోటితో గీకి, "ఇది మన అంకుడే" అన్నాడు. నిజమే, రెండు ఊళ్ల బొమ్మలకూ చెట్టు ఒకటే. తెల్లగా, తేలిగ్గా, పగలకుండా ఉంటుంది. బాగా ఆరబెట్టిన ముక్కను గిర్రున తిప్పే లేత్ మిషన్‌కి బిగించి, ఉలితో గుండ్రంగా చెక్కుతారు. ఆ తర్వాత చూడాలి. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న బొమ్మకి ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి చెక్కకు పట్టేస్తుంది. పైన మొగలి ఆకు అదిమి పడితే అద్దంలా మెరుస్తుంది. పెద్దాయన ఉలి తమ్ముడి చేతికిచ్చాడు. తమ్ముడు ఒక చిన్న కుంకుమ భరిణె తీశాడు. మూత ఎంత కచ్చితంగా కూర్చుందంటే, పక్క మిషన్ల వాళ్లు పని ఆపి వచ్చి చూశారు.

పెద్దాయన అడిగిందల్లా రంగుల గురించే. ఏటికొప్పాకలో పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలతో రంగులు తీస్తారు. ఆ పద్ధతులను మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. జాఫ్రా ఎరుపు ఎండకు వెలిసిపోకుండా ఎలా చూసుకుంటారని పెద్దాయన అడిగితే తమ్ముడు దాచుకోకుండా చెప్పాడు. నాకెంత ముచ్చటేసిందో.

పక్క షెడ్డులో లేత్ మీద ఆడవాళ్లు పనిచేస్తున్నారు. మా అమ్మమ్మ కాలంలో ఏటికొప్పాకలో లేత్ తిరగడానికి ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవారు. కరెంటు మిషన్ వచ్చాక ఆ తాడు బాధ పోయింది. ఇక్కడ ఒకామె లెక్కలు నేర్పే పూసల చట్రాలు చేస్తోంది. ఇల్లు దగ్గర, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు వెళ్లిపోవచ్చు, చేసినదాన్ని బట్టి డబ్బు. పల్లెలో ఆడపిల్లకు ఇంతకంటే మంచి పని ఎన్ని చోట్ల దొరుకుతుంది?

పాత మైసూరు రోడ్డు మీది బొమ్మల దుకాణాలు మాత్రం బోసిగా ఉన్నాయి. 2023 మార్చిలో ఎక్స్‌ప్రెస్‌వే ప్రారంభమయ్యాక కార్లన్నీ ఊరి బయటి నుంచే పోతున్నాయి. దారిన పోయేవాళ్లు ఆగి కొంటారనే నమ్మకంతో బతికిన దుకాణాలకు దెబ్బ గట్టిగా తగిలింది. స్కూళ్లకు, విదేశాలకు ఆర్డర్ల మీద చేసే షెడ్డుల్లో మాత్రం మిషన్ ఆగలేదు. ఈ తేడా తమ్ముడికి బాగా పట్టింది. ఆ ఆర్డర్లు ఎవరు తెస్తారు, డిజైన్ ఎవరు గీస్తారు, ధర ఎవరు కడతారు అని గుచ్చి గుచ్చి అడిగాడు. అన్నిటికీ జవాబు ఒకటే: బెంగళూరు ఆఫీసు.

నాకు బాధ కలిగించింది ఇదే. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో జీఐ గుర్తింపు, అంటే ఇవి ఫలానా ఊరి సరుకేనని చెప్పే గుర్తింపు, వచ్చింది. 2025 గణతంత్ర పరేడ్‌లో మన ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగాయి, మూడో బహుమతీ తెచ్చాయి. చన్నపట్నానికీ జీఐ ఉంది. గౌరవానికి లోటు లేదు. కానీ బొమ్మ గీయడం, ఫోటో తీయడం, ఆన్‌లైన్‌లో పెట్టడం, కొన్నవాళ్లతో మాట్లాడటం, లెక్కలు చూడటం ఇవన్నీ ఉద్యోగాలే, జీతాలిచ్చే ఉద్యోగాలు. అవి పట్నంలో ఉండిపోయి, ఉలి పని ఒక్కటే ఊరికి మిగిలితే, చదువుకున్న పిల్ల ఊళ్లో ఎందుకుంటుంది? ఈ పనుల్లో ఏదీ ఊళ్లో కూర్చుని చేయలేనిది కాదు.

తిరుగు రైలు కోసం ప్లాట్‌ఫాం మీద కూర్చున్నప్పుడు తమ్ముడు ఇంటికి ఫోన్ చేశాడు. వాళ్ల చెల్లెలు బీకాం అయిపోయి వైజాగ్‌లో ఉద్యోగం వెతుక్కుంటోంది. "ఆర్డర్లు, ఫోటోలు, లెక్కలు నువ్వు చూడు. నెల నెలా ఒకటో తారీకున జీతం ఇస్తాను" అన్నాడు. అది నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. జీతమెంతో అడిగింది, అన్న చెప్పినదానికి ఇంకో రెండు వేలు కలిపించుకుంది. తర్వాత ఫోన్ నాకిమ్మంది. "అక్కా, ఫోన్‌లో ఈ పని అవదు, కంప్యూటర్ ఉండాలి. అన్నయ్య దగ్గర ఇప్పుడంత డబ్బు లేదు" అంది. నేను కొనిస్తానన్నాను. ఏ మోడల్ కావాలో రాత్రికి వాట్సాప్‌లో పంపింది.