మైనింగ్ ఎందుకు తీసుకున్నావ్ అని అడిగేవాళ్లకి

2018 ఎంసెట్‌లో నా ర్యాంకు పది వేలు దాటి చాలా దూరం పోయింది. పది వేల మాట ఎందుకంటే, తెలంగాణలో మా లాంటి బీసీ పిల్లలకి ఆ లోపు ర్యాంకు వస్తే ఫీజు మొత్తం రీయింబర్స్‌మెంట్‌లో పోతుంది, దాటితే 35 వేలే ఇస్తారు, మిగతాది మనమే కట్టుకోవాలి. హైదరాబాద్‌లో పేరున్న కాలేజీల్లో ఫీజు అప్పటికే లక్షకి అటూ ఇటూ ఉండేది. నాకొచ్చిన ర్యాంకుకి ఆ కాలేజీల్లో సీఎస్ఈ కన్వీనర్ కోటాలో ఎలాగూ రాదు, ఇక మిగిలింది ఎవరికీ పేరు తెలియని కాలేజీలో సీఎస్ఈ, లేదంటే మేనేజ్‌మెంట్ కోటా. బాపు సింగరేణిలో మజ్దూర్. అప్పు చేసైనా సీఎస్ఈ చదివిస్తా అన్నాడు.

అప్పుడు నేను అందరినీ అడిగిన ప్రశ్న "ఏ బ్రాంచికి స్కోప్ ఉంది" అనే. దానికి వచ్చే జవాబు ఒకటే, కంప్యూటర్స్. మా కాలనీలో చెప్పేవాళ్లలో సగం మందికి కంప్యూటర్ ఉద్యోగం ఎలా ఉంటుందో తెలియదు, వాళ్ల బంధువుల పిల్లలు గచ్చిబౌలిలో ఉంటారు, అంతే. (మంచి కాలేజీలో సీఎస్ఈ వస్తే తీసుకోండి, దాని మీద నాకేం కోపం లేదు.)

నా ఆలోచన మార్చింది బాపు పనిచేసే బాయిలో ఉండే ఒక అండర్ మేనేజర్ సారు. ఆదివారం పూట ఆయన క్వార్టర్‌కి వెళ్తే చాయ్ ఇచ్చి, స్కోప్ సంగతి పక్కన పెట్టి వేరే మాట చెప్పాడు. బొగ్గుబాయి నడవాలంటే దానికి సర్టిఫికెట్ ఉన్న మేనేజర్ ఉండి తీరాలని అప్పటికి అమల్లో ఉన్న 1952 మైన్స్ యాక్ట్‌లోనే ఉంది. మేనేజర్ కింద అండర్ మేనేజర్, షిఫ్టులో పని చూసుకునే ఓవర్‌మన్, సర్దార్, అందరికీ డీజీఎంఎస్ (గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ) పరీక్షలే. "కంపెనీకి లాభం తగ్గితే ఎవరినన్నా తీసేస్తరు గని, ఈ సంతకం పెట్టేటోన్ని తీసేసి బాయి నడపనీకి లేదు" అన్నాడు. నాకు బాగా తలకెక్కిన మాట అదే. చట్టమే ఫలానా చదువు ఉన్న మనిషి కావాలని అడిగే పని, పైగా ఆ చదువు చెప్పే కాలేజీలు రాష్ట్రంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అప్పట్లో కొత్తగూడెంలో కాకతీయ యూనివర్సిటీ కాలేజీ, మంథనిలో జేఎన్టీయూ కాలేజీ ఉండేవి. రెండూ యూనివర్సిటీవే కాబట్టి ఫీజు భయమూ లేదు.

బాపుకి ఇది అస్సలు నచ్చలేదు. "నేను దిగింది సాలదా, నువ్వు గూడ దిగుతవా" అని కొన్నాళ్లు నాతో సరిగ్గా మాట్లాడలేదు. సారే వచ్చి "నీ కొడుకు తట్ట మొయ్యనీకి పోతలేడయ్యా" అని నచ్చజెప్పాల్సి వచ్చింది.

వెబ్ ఆప్షన్ల దగ్గర జనం అనవసరంగా కంగారు పడతారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. సీట్లు ర్యాంకు వరసలో ఇస్తారు, మన వంతు వచ్చినప్పుడు మనం పెట్టిన లిస్టు పైనుంచి చూసి ఖాళీ ఉన్న మొదటిది ఇస్తారు. అందుకే రాదేమో అనుకున్నది పైన పెట్టినా కింద ఉన్నదానికి నష్టం లేదు, కానీ వద్దనుకున్నది పొరపాటున పైకి పోతే అదే తగులుతుంది. కాలేజీ, బ్రాంచి, కేటగిరీ వారీగా కిందటేడు ఆఖరి ర్యాంకులు కౌన్సెలింగ్ సైట్‌లోనే ఉంటాయి, అవి చూసుకుంటే చాలు, డబ్బులు తీసుకుని ఆప్షన్లు పెట్టిచ్చే నెట్ సెంటర్ల అవసరం లేదు. ఇంకోటి, రెండో విడతలో కొత్త సీటు వస్తే మొదటిది దానంతటదే పోతుంది, కాబట్టి చేతిలో ఉన్నదానికన్నా నిజంగా మంచివి అనుకున్నవే అప్పుడు పెట్టాలి. నాకు మొదటి విడతలోనే కొత్తగూడెం మైనింగ్ వచ్చింది, రెండో విడత జోలికి పోలేదు.

చదువు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రాక్ మెకానిక్స్, వెంటిలేషన్, సర్వేయింగ్, ఇష్టమైతే బాగుంటాయి. క్యాంపస్ ప్లేస్‌మెంట్లు మాత్రం అంతంతే, సిమెంటు కంపెనీల సున్నపురాయి గనులు, బొగ్గు తవ్వే కాంట్రాక్టు కంపెనీలు వస్తాయి, మొదటి జీతం చూస్తే ఏడుపొస్తుంది. మా బ్యాచ్‌లో చాలామంది మూడో ఏడాదికే జావా నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌కి వెళ్లిపోయారు. ఉన్నవాళ్లకి అసలు దారి గేట్, ఎంటెక్ సీట్లకీ ప్రభుత్వ కంపెనీల ఉద్యోగాలకీ పనికొచ్చే పరీక్ష. పేపరు అందరికీ ఉన్నట్టే 65 ప్రశ్నలు, 100 మార్కులు, కానీ మైనింగ్ రాసేవాళ్లు సీఎస్ఈతో పోలిస్తే చాలా తక్కువ. 2022 గేట్ స్కోరుతో ప్రభుత్వ బొగ్గు కంపెనీ కోల్ ఇండియా 1050 మేనేజ్‌మెంట్ ట్రైనీ పోస్టులు ఇస్తే అందులో 699 మైనింగ్‌వే. అలాంటి నోటిఫికేషన్ ప్రతి ఏడాదీ రాదు, అది వచ్చిన ఏడు నేను ఆఖరి సంవత్సరంలో ఉండటం అదృష్టమే.

అలా కోల్ ఇండియాలో చేరాను. ట్రైనింగ్ ఏడాది ఈ2 గ్రేడు, బేసిక్ 50 వేలు, అది అయ్యాక ఈ3, బేసిక్ 60 వేలు, దాని మీద డీఏ, పెర్క్స్. మూడున్నర లక్షల ప్యాకేజీతో చేరిన నా ఇంటర్ ఫ్రెండ్స్ కంటే ఇది బాగా ఎక్కువే, అయితే వాళ్లలో ఒకరిద్దరు కంపెనీలు మారి ఇప్పుడు నన్ను దాటేశారు, అది కూడా చెప్పాలి కదా. వాళ్లు ఉండేది హైదరాబాద్‌లో, నేను ఉండేది ఛత్తీస్‌గఢ్‌లో కోర్బా దగ్గర. మొదట వేసింది గెవ్రాలో, దేశంలోని అతి పెద్ద ఓపెన్‌కాస్టుల్లో (పైనుంచి తవ్వే గనుల్లో) ఒకటి, 240 టన్నులు మోసే డంపర్లు తిరుగుతుంటాయి. ఎండాకాలం అక్కడ షిఫ్టు చేస్తే జీతం ఎందుకిస్తున్నారో అర్థమవుతుంది. పండక్కి సెలవు దొరకదు, పెళ్లి సంబంధాల వాళ్లు "కోర్బా ఎక్కడుంది" అని అడిగి మళ్లీ ఫోన్ చెయ్యరు.

చేరబోయేవాళ్లకి ఎవరూ చెప్పని ముక్క ఒకటుంది. మేనేజర్ సర్టిఫికెట్లలో రెస్ట్రిక్టెడ్, అన్‌రెస్ట్రిక్టెడ్ అని రెండు రకాలు. ఒక్క ఓపెన్‌కాస్టు అనుభవమే ఉంటే రెస్ట్రిక్టెడ్ వస్తుంది, దాంతో భూగర్భ గనికి మేనేజర్ కాలేం. అందుకని నేను అడిగి మరీ అండర్‌గ్రౌండ్‌కి వేయించుకున్నా. బాపుకి ఫోన్‌లో చెప్తే నవ్వాడు, "దిగినవా మల్ల" అని. అమ్మాయిలకి కూడా 2019లో పగటి పూట, వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటే, భూగర్భంలో టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజ్‌మెంట్ పనులకి అనుమతి వచ్చింది. అంతకుముందు మైన్స్ యాక్టే అడ్డం. 2021లో ఆకాంక్ష కుమారి జార్ఖండ్‌లో సీసీఎల్ (కోల్ ఇండియా కింది కంపెనీ) చురీ గనిలో చేరింది, కోల్ ఇండియాలో భూగర్భ గనికి వెళ్లిన మొదటి మహిళా మైనింగ్ ఇంజినీర్ తనే.

బొగ్గు ఎన్నాళ్లుంటుంది అని అడుగుతారు. నేను రిటైరయ్యేదాకా ఇలాగే ఉంటుందని అనుకోవట్లేదు, కానీ రాగి, లిథియం కూడా నేల తవ్వితేనే వస్తాయి, మెటల్ గనులకి వేరే సర్టిఫికెట్ ఉంది, అది కూడా రాసే ఆలోచనలో ఉన్నా.

ఈసారి మా చిన్నమ్మ కొడుకు కౌన్సెలింగ్‌లో ఉన్నాడు, ఈసీఈ అంటున్నాడు, చిప్ డిజైన్‌లో బాగా ఇస్తారట. ఆ పనిలో అయిదారేళ్లుగా ఉన్నవాళ్లని ఒక్కరినైనా పట్టుకుని రోజంతా ఏం చేస్తారో, ఎంటెక్ లేకుండా తీసుకుంటారో లేదో కనుక్కోమన్నా. ఇంకా ఎవరినీ అడగలేదు గానీ, ఆప్షన్లు మాత్రం ఫ్రీజ్ చేసేశాడు.