తలకిందులైన ఓడ

"సముద్రం లేని ఊర్ల కూసోని ఓడల ఫొటోలు తీసుడేంది బిడ్డా" అని అమ్మ నవ్వుతుంది. హనుమకొండలో పుట్టి పెరిగిన నాకు వడ్డేపల్లి చెరువే పెద్ద నీళ్లు. ఎం.టెక్ ప్రాజెక్టు మాత్రం ఐసార్ మీద, అంటే కదిలే ఓడ బొమ్మను రాడార్‌తో రాబట్టడం.

పోయిన వారం రెండు రాత్రులు నిద్ర లేదు. మ్యాట్‌లాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో చుక్కలతో ఓడ కట్టి, అలల మీద ఊగించాను. ఒక ఫ్రేమ్‌లో మాస్ట్, అంటే ఓడ మీది పొడవాటి స్తంభం, నిటారుగా నిలబడింది. మూడు సెకన్ల తర్వాతి ఫ్రేమ్‌లో అదే మాస్ట్ నీళ్లలోకి వేలాడుతోంది! ఎక్కడో మైనస్ గుర్తు తప్పిందని కోడంతా గాలించాను. టెన్షన్‌తో టీలు తాగడమే తప్ప ఏమీ దొరకలేదు.

తప్పు కోడ్‌లో లేదు. రాడార్‌కు దూరం బాగా తెలుస్తుంది. అది పంపే సిగ్నల్‌కు 150 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ (ఫ్రీక్వెన్సీల వెడల్పు) ఉంటే మీటరు ఎడంలో ఉన్న రెండు వస్తువులను విడదీస్తుంది. ఎత్తు మాత్రం తెలియదు. దాన్ని డాప్లర్ నుంచి, అంటే వస్తువు వేగాన్ని బట్టి తిరిగొచ్చే సిగ్నల్ ఫ్రీక్వెన్సీలో కనిపించే మార్పు నుంచి లాగాలి. పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ ఆట పక్కన నిలబడితే, గుండ్రంగా తిరిగేవాళ్లలో ఒక వైపు వాళ్లు మన దిక్కు వస్తుంటారు, ఇంకో వైపు వాళ్లు దూరం పోతుంటారు. ఎవరు ఏ వైపున్నారో వేగమే చెబుతుంది. ఓడ ముందుకూ వెనక్కూ ఊగినప్పుడు డెక్ కంటే మాస్ట్ కొన ఎక్కువ వేగంతో కదులుతుంది. ఆ వేగాన్నే మనం ఎత్తుగా గీస్తాం. ఊపు వెనక్కి తిరిగితే వేగం గుర్తు మారుతుంది, బొమ్మ తిరగబడుతుంది. ఊపు ఆగిన క్షణంలో ఓడంతా ఒక గీత. ఫొటో తీసేవాడు కదలొద్దంటాడు, మేం కదలమని బతిమాలుతాం.

(సెంటినెల్-1 లాంటి ఉపగ్రహాలు తమ కదలికతోనే గీసే 'సార్' రాడార్ చిత్రాల్లో ఇంకో తమాషా. అక్కడ ఓడ కదలికే చిక్కు: ఓడ ఒక చోట, అది నీళ్లలో వదిలిన చార ఇంకో చోట కనిపిస్తాయి. ఓడ రాడార్ వైపు వచ్చే వేగమే దాన్ని పక్కకు జరుపుతుంది.)

మా గైడ్ సార్‌కు చెబితే, "ఏ ఫ్రేమ్ పనికొస్తుందో ముందు అది తేల్చు" అన్నారు. ఇప్పుడు డాప్లర్ వెడల్పు ఎక్కువున్న క్షణాలను ఏరే కోడ్ రాస్తున్నాను. నిన్న రాత్రి ఫ్రేములన్నీ వరసగా అమ్మకు చూపించాను.

"మునిగి లేస్తున్నట్టున్నది గదా" అంది.