ఎండిన చెరువు పక్క ప్లాటు

మహబూబ్‌నగర్, నల్లగొండ చుట్టుపక్కల ఎండాకాలంలో వెంచర్లు చూడబోయేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: నెర్రెలిచ్చిన చెరువును చూసి హద్దు అంచనా వేయకూడదు. ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్, చెరువు నిండు మట్టం) అంటే ఇవాళ నీళ్లున్న చోటు కాదు. మత్తడి (అలుగు) దుంకే ముందు నీళ్లు ఎంత దూరం పరుచుకుంటాయో అదీ. గీత గీయాల్సింది మత్తడి మట్టాన్ని బట్టి.

2012 భవన నిబంధనల ప్రకారం చెరువు బఫర్, అంటే ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా, ఆ గీత నుంచే మొదలు. చెరువు 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, ఆపైన ఉంటే 30 మీటర్లు. అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు. వాగు, నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే దాని హద్దు నుంచి 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు. చాలామంది టేపు కట్ట దగ్గర్నుంచి పెడతారు, అక్కడే మునుగుతారు.

శిఖం పట్టా, అంటే చెరువు లోపలి భూమికున్న పట్టా, ఇంకో చిక్కు. నీళ్లు తగ్గాక పంట వేసుకునే హక్కు వేరు, ఇల్లు కట్టే హక్కు వేరు. రిజిస్ట్రేషన్ అయిందంటే అనుమతి వచ్చినట్టు కాదు.

బయానా ఇచ్చే ముందే పాత పహాణీ (భూమి, సాగు వివరాల రికార్డు), గ్రామ నక్ష (పటం) తీయండి. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి నీళ్లు కింది చెరువుకు పోయే వాగు మట్టితో పూడ్చేసినా నక్షలో ఉంటుంది. తర్వాత నీటిపారుదల, రెవెన్యూ శాఖల ఎన్‌ఓసీ. ఆన్‌లైన్ భవన అనుమతుల విధానంలో (టీఎస్‌బీపాస్ పేరుతో మొదలైంది) స్వీయ ధ్రువీకరణతో అనుమతి చటుక్కున వస్తుంది నిజమే, కానీ తప్పు రాస్తే నోటీసు లేకుండానే కూల్చొచ్చు.