ఎవరి తాలూకు?

ఒడిశాలోని మా బరంపురంలో కొత్త మనిషి తగిలితే ముందు "ఎవరి తాలూకండీ?" అని అడుగుతారు. నేనుంటున్న సిలికాన్ వ్యాలీలో స్టార్టప్‌లకు పెట్టుబడి పెట్టేవాళ్లూ ఆరా తీసేది అదే. కాకపోతే ఇక్కడ ఇంటిపేరుతో పనిలేదు. మునుపు ఏ కంపెనీలో, ఎవరి పక్కన కూర్చుని పనిచేశావన్నది కావాలి.

ఆన్లైన్లో డబ్బు చెల్లింపులు జరిపే పేపాల్ కంపెనీ సంగతే చూడండి. 2002లో దాన్ని ఈబే కొనేశాక అందులోవాళ్లు తలో దిక్కూ పోయారు గానీ ఒకరినొకరు వదల్లేదు. వాళ్లలో ముగ్గురు 2005లో యూట్యూబ్ పెట్టారు. సెకోయా అనే పెట్టుబడుల సంస్థ తరఫున దానికి డబ్బు పెట్టించిన రూలోఫ్ బోథా, పేపాల్‌లో జమాఖర్చులు చూసినవాడే. మరుసటి ఏడే గూగుల్ దాన్ని 165 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఆ గూగుల్ మాత్రం? 1998లో స్టాన్‌ఫోర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ చెరిటన్ ఇంటి వరండాలో, సన్ అనే కంప్యూటర్ల కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడైన ఆండీ బెక్టల్‌షైమ్ లక్ష డాలర్ల చెక్కు రాసిచ్చేనాటికి కంపెనీ ఇంకా రిజిస్టరే కాలేదు. గూగుల్ పెట్టిన ఆ ఇద్దరు కుర్రాళ్లకు తెలివి లేదని ఎవరంటారు? తెలివి ఉండీ అలాంటి వరండా దాకా దారి తెలియనివాళ్లు మా గంజాం, గజపతి జిల్లాల్లో కోకొల్లలు.

అలాగని మావాళ్లకు పరిచయాలు తక్కువేం కాదు. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లినవాడు ముందు గది చూసుకుంటాడు, ఆనక తమ్ముణ్ణి, బావమరిదిని, పక్కింటి కుర్రాణ్ణి రప్పిస్తాడు. పని దొరకడానికి అది బ్రహ్మాండం. చిక్కల్లా అందరికీ తెలిసిన సేటు ఒక్కడే కావడం. మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో తేల్చింది ఇలాంటిదే. మసాచుసెట్స్‌లోని న్యూటన్‌లో పరిచయాల ద్వారా ఉద్యోగం సంపాదించినవాళ్లలో, తరచూ కలిసే మనిషి వల్ల దొరికిందన్నవాళ్లు 17 శాతం లోపే. మిగతావాళ్లకు కబురు చెప్పింది అప్పుడో ఇప్పుడో కనబడే మనిషి.

1936లో ఒడిశాలో కలిసిన ఊరు మాది. ఈ సిలికాన్ వ్యాలీలో తెలుగు సంఘం ఉగాదికి వెళ్తే "ఒరిస్సావాళ్లా? తెలుగు బానే మాట్లాడుతున్నారే" అంటారు. ఒడియావాళ్ల రథయాత్రకు వెళ్తే తెలుగాయననే. మొదట్లో చిన్నతనంగా ఉండేది గానీ, రెండు పందిళ్లలో భోంచేసేవాడికి రెండు వైపుల కబుర్లూ తెలుస్తాయి.

పర్లాకిమిడి కుర్రాడొకడు బెంగళూరులో ఉంటూ నేతగాళ్ల దగ్గర్నుంచి పట్టుచీరలు నేరుగా అమ్మే యాప్ చేశాడు. "అన్నయ్యా, ఎవరికైనా ఓ మాట చెప్పవా" అన్నాడు. ఆ చెప్పడానికీ ఇక్కడో పద్ధతుంది. అవతలి మనిషి సరే అనకుండా ఇద్దర్నీ ఒకే ఈమెయిల్‌లో కలపకూడదు. అందుకని యథాతథంగా ముందుకు పంపగలిగేలా వాడిచేతే ఐదు లైన్లు రాయించాను: ఏం అమ్ముతున్నాడు, నెలకెన్ని చీరలు పోతున్నాయి, ఏం కావాలి. తొలి కాపీలో వాళ్ల నాన్నగారి ఉద్యోగం, పదో తరగతి మార్కులు కూడా ఉన్నాయి. కొట్టేయించాను. రథయాత్రలో పరిచయమైన ఒడియా ఆయనకు పంపితే, ఆయన పెట్టుబడులు పెట్టే తన పాత ఆఫీసు మిత్రుడికి అందించాడు.

డబ్బు రాలేదు. "సరుకు రవాణా తెలిసినవాళ్లని జత చేసుకుని రా" అన్నాడట. కుర్రాడు డీలా పడితే రెడ్‌బస్ అనే బస్సు టికెట్ల కంపెనీ పెట్టిన ఫణీంద్ర సామా సంగతి చెప్పాను. 2006లో పిలానీ కాలేజీ స్నేహితులతో అది మొదలుపెట్టినప్పుడు ఆయనకు బస్సుల వ్యాపారమే తెలియదు. 1992లో సిలికాన్ వ్యాలీలో మనవాళ్లు కొత్త వ్యాపారులకు సాయంగా పెట్టుకున్న టై సంఘం తాలూకు బెంగళూరు పెద్దలు వెనకుండి దారి చూపించారు.

మావాడు తన పాత ఆఫీసులో గోదాముల పని చూసే ఒకామెను ఒప్పించి కలుపుకున్నాడు. పైసా ఇంకా రాలలేదు గానీ, ఆ పెట్టుబడిదారు ఇప్పుడు నన్ను మధ్యలో పెట్టకుండా వాడికే జవాబులు రాస్తున్నాడు.