సెట్ అన్నాక లేవలేకపోయాను

ఆ రోజు బెంగళూరు కంఠీరవ స్టేడియంలో మూడుసార్లు ప్రయత్నించినా, పరుగు మొదలుపెట్టేటప్పుడు పాదాలు ఆనించే బ్లాక్స్‌లోంచి సరిగ్గా లేవలేకపోయాను. కోచ్ సార్ 'సెట్' అనగానే నడుము పైకెత్తి కదలకుండా ఆగాలి. ఆ కాసేపటికే తొడలు వణికిపోయాయి. సార్ చప్పట్లు చరిచినా చేతులు నేలకు ఆనించి అలాగే ఉండిపోయాను. 200 మీటర్లలో నా బెస్ట్ 26.1 సెకన్లు. ఆ నెల ఒక్కసారి కూడా 28 లోపు రాలేదు.

మాది హిందూపురం. యూనివర్సిటీ మీట్లలో పరుగెత్తినదాన్ని. ఉద్యోగానికి బెంగళూరు వచ్చాక కూడా ట్రాక్ వదల్లేదు. విల్సన్ గార్డెన్‌లో పీజీ, పొద్దున అయిదున్నరకు స్టేడియం, పదికి ఆఫీసు.

రెండు నెలల్లో ఏడు కేజీలు తగ్గాను. ఆకలి మాత్రం రెట్టింపయింది. డిసెంబరు చలిలో రూమ్మేట్ రెండు దుప్పట్లు కప్పుకుంటే నాకు ఫ్యాన్ కావాల్సి వచ్చేది. నిద్ర పట్టేది కాదు. నెలసరి తప్పింది. పొద్దున మంచం దిగకముందే నాడి లెక్కపెట్టుకుని రాసుకోవడం సార్ నేర్పిన అలవాటు. 56, 58 ఉండేది కాస్తా 108 అయింది. పుస్తకంలో రాశానే తప్ప ఎవరికీ చూపించలేదు. టైమింగ్ పడిపోతోందన్న బాధలో ఆ అంకె మీద నా దృష్టి నిలవలేదు.

దగ్గర్లోని ఒక క్లినిక్‌కి వెళ్తే, "ఆఫీసూ పరుగూ రెండూ పెట్టుకున్నావు, టెన్షన్ తగ్గించుకోమ్మా" అని నిద్రమాత్రలు రాశారు. నేనూ నమ్మాను. టెన్షన్ నిజంగానే ఉంది మరి.

సంక్రాంతికి ఇంటికి వెళితే గుమ్మంలోనే అమ్మ నా గడ్డం పట్టుకుంది. "కండ్లేంది పాపా ఇట్లయినాయి? ఎవురినో చూసి జడుసుకున్నట్టుండాయి" అంది. తర్వాత మెడ మీద చెయ్యేసి, "ఈడ వాపుంది సూడు" అంది. రోజూ అద్దంలో చూసుకునే నాకు కనబడనిది ఆమెకు ఒక్క చూపులో కనబడింది.

బెంగళూరులో హార్మోన్ల డాక్టర్‌గారు ముందు నా చేతులు చాపించి, వేళ్ల మీద ఒక కాగితం పరిచారు. అది గడగడలాడింది. ఆ తర్వాత, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమన్నారు. లేవలేకపోయాను. బ్లాక్స్‌లో నాకు జరిగింది ఇదేనని అప్పుడు తెలిసింది. రక్తపరీక్షలో థైరాయిడ్ హార్మోన్లు టీ3, టీ4 బాగా ఎక్కువ, అవి పెరిగితే పడిపోయే టీఎస్‌హెచ్ దాదాపు సున్నా. యాంటీబాడీ పరీక్ష కూడా చేశాక జబ్బు పేరు చెప్పారు: గ్రేవ్స్. ఒంట్లో పుట్టిన యాంటీబాడీలే థైరాయిడ్‌ను అదేపనిగా ఉసిగొల్పుతాయి. హార్మోను హద్దు మీరితే గుండె దడదడలాడుతుంది, కండ కరుగుతుంది, ముఖ్యంగా తొడలూ భుజాలూ. థైరాయిడ్ అంటే లావైపోవడమే అని మా ఆఫీసులో చాలామంది అనుకునేవాళ్లు. నేనూ అంతే.

థైరాయిడ్ హార్మోన్లను తగ్గించే కార్బిమజోల్ మాత్ర 30 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు. జ్వరంతో గొంతునొప్పి వస్తే మాత్ర ఆపేసి వెంటనే రక్తకణాల లెక్క చూపించుకోవాలని రెండుసార్లు చెప్పారు. ఈ మందు అరుదుగా తెల్లకణాలను పడగొట్టేస్తుందట. గుండె వేగానికి ప్రొప్రనొలాల్. అది క్రీడాకారులకు నిషేధించిన మందుల జాబితాలో ఉందేమోనని సార్ కంగారుపడ్డారు. షూటింగ్, ఆర్చరీ లాంటి ఆటల్లోనే దానికి నిషేధం, పరుగుకు లేదు. ఎలాగూ హార్మోన్లు అదుపులోకి వచ్చేదాకా పరుగే వద్దన్నారు డాక్టర్‌గారు. గుండె లయ తప్పే ప్రమాదం ఉందట.

ఆ రోజుల్లో ధైర్యం చెప్పాలని సార్ గెయిల్ డెవర్స్ కథ చెప్పారు. అమెరికా స్ప్రింటర్, ఆమెకూ ఇదే జబ్బు. పట్టుదల ఉంటే ఏదైనా జయించవచ్చని ఆయన ఉద్దేశం. గదికి వచ్చి ఆమె గురించి చదివాను. నన్ను కదిలించింది వేరే సంగతి. 1988 సియోల్ ఒలింపిక్స్ నాటికే ఆమె ఒంట్లో తేడా మొదలైంది. జబ్బు పేరు తెలిసింది 1990లో. రెండేళ్లు! పట్టుదలకు తక్కువేమీ లేని మనిషి, పేరు తెలియని జబ్బుతో రెండేళ్లు గడిపింది. తర్వాత చికిత్సలో పాదాలు వాచి, చిట్లి, తీసేయాల్సి వస్తుందేమో అనేదాకా వెళ్లింది. చికిత్స మార్చాక కోలుకుని, 1991లోనే టోక్యో ప్రపంచ పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్‌లో రజతం తెచ్చుకుంది. 1992 బార్సిలోనాలో 100 మీటర్లు 10.82 సెకన్లలో గెలిచింది. మొదటి ఐదుగురి మధ్య తేడా 0.06 సెకన్లే. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో! చూసిన ప్రతిసారీ ఆమె పాదాల వైపే చూశాను. ఆ పాదాలను నిలబెట్టింది పట్టుదల ఒక్కటే అంటే నేను ఒప్పుకోను. సరైన వైద్యం కూడా. సార్‌తో ఆ మాటే అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "నీ నాడి పుస్తకం నేనైనా అడిగి చూడాల్సింది" అన్నారు.

ఆరు వారాలకు వణుకు తగ్గింది. పొద్దున్నే కబ్బన్ పార్కులో నడిచేదాన్ని. పక్కనే స్టేడియం. స్పైకు బూట్ల చప్పుడు వినబడితే ఏడుపొచ్చేది, అందుకని కొన్నాళ్లు అటువైపు వెళ్లడమే మానేశాను. టీ3, టీ4 దారికొచ్చాక మెల్లగా జాగింగ్, తర్వాత కుర్చీలోంచి లేవడం, ఖాళీ చేతులతో స్క్వాట్లు. మాత్ర ఇప్పుడు 5 మిల్లీగ్రాములు. ఏడాదిన్నర వాడాలన్నారు. ఆపాక దాదాపు సగం మందిలో తిరగబెడుతుందని కూడా చెప్పారు. భయం ఉంది.

ఎనిమిదో నెలలో మళ్లీ బ్లాక్స్ పెట్టాం. 'సెట్' అన్నారు. నడుము ఎత్తాను. తొడలు కదల్లేదు. లేచి పరుగెత్తాను. 200 చివర వాచీ చూసి సార్ టైం చెప్పడానికి వెనకాడితే నేనే అడిగాను. 29.4. పుస్తకం తీసి రాసుకున్నాను, పక్కన పొద్దుటి నాడి: 62. ఆ పేజీ ఫోటో తీసి అమ్మకు పంపాను.