మిషన్ పేటలో మిగిలిన చిన్న ఇళ్ళు

నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలకు పాత మిషన్ ఆనవాళ్ళు చూడవచ్చినవారు ముందుగా ప్రార్థనా మందిరం దగ్గర ఆగుతారు. ఆపైన దొరల బంగళాను, సమాధులను చూసి వెళ్ళిపోతారు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాల సేవతో మొదలైన గోదావరి డెల్టా మిషన్ చరిత్రను ఆ కట్టడాలు చెబుతాయన్నది నిజమే. అయితే ఆ చరిత్రలో సగం మా మామ్మ బతికిన పేటలో, వీధికి రెండువైపులా నిలిచిన చిన్న పెంకుటిళ్ళలో ఉన్నదని నేను నమ్ముతాను. ఇప్పుడు వాటిలో మిగిలినవి నాలుగే.

మామ్మ ఇంటికి ఒక గది, వెనుక వంటపాక, వీధివైపు అరుగు తప్ప మరేమీ లేవు. బంకమట్టిలో ఊక కలిపి తొక్కి, ఒక వరుస ఆరిన తరువాతే దానిపై మరొక వరుస వేస్తూ లేపిన గోడలవి. మూరెడు మందం ఉన్నందున రోహిణీకార్తె ఎండల్లోనూ లోపల చల్లగా ఉండేది. దూలాలు, వాసాలు చేవదేరిన తాటివి. టేకు కొనే స్తోమత లేనివారికి చేలగట్టు మీది తాటిచెట్టే కలప. కప్పు నాలుగువైపులా వాలి, తల వంచి లోపలికి వెళ్ళవలసినంతగా చూరు కిందికి దిగి ఉండడం కేవలం పేదరికం వలన కాదు. నాలుగు వాలుల కప్పును గాలి ఏ పక్కనుంచి కొట్టినా పెళ్ళగించడం కష్టం. దిగిన చూరు వానజల్లును మట్టిగోడ దాకా రానివ్వదు. 1996 నవంబరు తుపానులో పెంకులు కొన్ని ఎగిరిపోయినా కప్పు నిలిచిందని మామ్మ చెప్పేది.

ఆ ఇళ్ళు మొదట తాటాకువే. నిప్పు భయానికి, మాటిమాటికీ ఆకు మార్చే ఖర్చుకు తాళలేక తరువాత పెంకు వేశారు. మనం బంగాళాపెంకు అని పిలిచే ఈ రకాన్ని 1865లో మంగళూరులో కర్మాగారం పెట్టి తయారుచేయించినది స్విట్జర్లాండు క్రైస్తవ సంస్థ అయిన బాసెల్ మిషన్. ఒక మిషన్ కాల్పించిన పెంకు మరొక మిషన్ పేటకు నీడ కావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

అన్నిటికంటే నేను విలువ ఇచ్చేది అరుగుకు. మా పేటవారిలో అత్యధికులు దళితులు. ఊళ్ళో మరొకరి అరుగు ఎక్కే వీలులేని రోజుల్లో వారు తమ ఇంటికి తాము అరుగు కట్టుకుని, సాయంత్రం దీపం పెట్టుకుని, దానిమీద కూర్చుని అక్షరాలు కూడబలుక్కున్నారు. ఈ సంగతి బంగళా గోడలు చెప్పలేవు.

సామాన్యుల సంప్రదాయ గృహాలను కూడా వారసత్వంగా గుర్తించాలని 1999లో మెక్సికోలో, పాత కట్టడాల పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఇకోమాస్ ఒక పత్రాన్ని ఆమోదించింది. మన దగ్గర మాత్రం గోడ బీటవారితే స్లాబు వేయడమే మార్గంగా కనిపిస్తున్నది. తరతరాలు పాకల్లో గడిపినవారు పక్కా ఇల్లు కోరుకోవడాన్ని నేను తప్పుపట్టను. మిగిలిన నాలుగింటినైనా కొలతలు తీసి, సరైన పద్ధతిలో బాగుచేసుకోవాలన్నదే నా విన్నపం. మంచి ఉద్దేశంతోనే మేము ఒక గోడకు సిమెంటు పూయించాము. లోపలి తడి ఆరే దారి లేక మట్టి మెత్తబడి, పెచ్చులతోపాటు ఊడివచ్చింది. ఈ వేసవిలో ఆ పూతంతా గీకించి, మళ్ళీ మట్టి మెత్తించి, సున్నం వేయించాము. అరుగును మాత్రం పాత అలుకుతోనే ఉంచాము.