రోటర్‌డామ్‌లో తలుపులు తెరిచిన గోదాము

మా అమ్మాయి వాళ్లు ఉండేది నెదర్లాండ్స్‌లో, ఆమ్‌స్టర్‌డామ్ పక్కనున్న ఆమ్‌స్టెల్‌వేన్‌లో. వచ్చినప్పటి నుంచీ గాలిమరలు, తులిప్ తోటలే చూపించారు. కొత్త కట్టడాలు చూడాలంటే రోటర్‌డామ్ పోవాల్సిందేనని పట్టుబట్టి, ఒక శనివారం ఒక్కదాన్నే బయల్దేరాను. టికెట్టే మన డబ్బుల్లో రెండు వేలకు దగ్గర. ఇంటర్‌సిటీ డైరెక్ట్ అనే వేగం బండి ఎక్కితే స్కిపోల్ విమానాశ్రయం దాటాక ఆ వేగానికి విడిగా కట్టాలట! ఒళ్లు మండి లైడెన్, హేగ్, డెల్ఫ్ట్ మీదుగా పోయే మామూలు బండే ఎక్కాను. గంట దాటింది, అయినా కిటికీ పక్క సీటు, పొలాల మధ్య కాలవలు. హాయిగానే గడిచింది.

1940 మే 14న జర్మన్ విమానాలు బాంబులు వేసి ఈ ఊరి నడిబొడ్డును బూడిద చేశాయి. అందుకే ఇక్కడ పాతది తక్కువ, ప్రయోగాలు ఎక్కువ. పీట్ బ్లోమ్ కట్టిన పసుపుపచ్చ ఘనాకారపు ఇళ్లు ఒక్కోటీ తన మూల మీద ఒరిగి నిలబడి ఉన్నాయి. వాటి ఎదురుగా గుర్రపు నాడా ఆకారంలో మార్కెట్ హాలు, దాని కమానులోనే జనం కాపురాలుంటున్న ఫ్లాట్లు. ఫోటోలు తీసుకుని వచ్చేశాను. నా మనసంతా డిపో మీదే ఉంది.

ఈ ఊరి కళా మ్యూజియం బొయ్‌మాన్స్ వాళ్ల గోదాము అది. నేలమాళిగలోకి నీళ్లొచ్చే ప్రమాదం ఉండటంతో, దాచిన వస్తువులన్నిటికీ వేరే భవనం కట్టించారు. ఎంవీఆర్‌డీవీ సంస్థ గీసిన నమూనా, 2021లో తెరిచారు. అడుగున సన్నగా, పైకి పోయేకొద్దీ వెడల్పుగా, నలభై మీటర్ల ఎత్తున పెద్ద గిన్నెలా ఉంటుంది. ఒంటినిండా 1,664 అద్దాలు. మబ్బులు, చెట్లు, సైకిల్ మీద పోయే పిల్లలు అన్నీ దాని మీదే కదులుతుంటాయి.

లోపల లక్షన్నర వస్తువులు. కాలాన్ని బట్టో కళాకారుణ్ణి బట్టో కాదు, దేనికి ఎంత చలి, ఎంత తేమ కావాలో చూసి సర్దారు. లోహానికి ఒక గది, ప్లాస్టిక్‌కు ఒకటి, రంగు ఫోటోలకు మరొకటి. అక్కడ కాళ్లు ఆగిపోయాయి. రాజమండ్రిలో మా ట్రంకు పెట్టెలో అమ్మా నాన్నల రంగు ఫోటోలు ఎర్రబారి, మొహాలు చెదిరిపోయాయి. వాటికి చల్లదనం కావాలని మాకు చెప్పినవాళ్లు లేరు.

అద్దం అవతల ఒకమ్మాయి పాత చిత్రాన్ని అంగుళం అంగుళం శుభ్రం చేస్తోంది. నా పక్కన చేతికర్రతో నిలబడ్డ ముసలాయన "ఇది ఊరందరి సొత్తు, చూడనివ్వాలి కదా" అన్నాడు ఇంగ్లీషులో. సాలార్‌జంగ్ గోదాములూ ఇలా తెరిస్తే ఎంత బాగుండును! కొంతే చూపించి మిగతాది తాళాల వెనక ఉంచితే, అది మనదన్న సంగతి మనకెలా తెలుస్తుంది?

డాబా మీద బర్చ్ చెట్ల మధ్య నుంచి ఊరంతా కనిపిస్తుంది. కాఫీ ధర మాత్రం అడగకండి. డిపోకే పూటంతా అయిపోయింది, ఎరాస్మస్ వంతెనను దూరం నుంచే చూశాను. మీరు వెళ్తే సోమవారం తప్ప ఏ రోజైనా వెళ్లండి, ఆ రోజు మూసి ఉంటుంది.